అవ్వ గదిలో ఖాదర్ విళ్లు

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం, కాలేజీకి సెలవు కదా అని అన్నం తిని నడుం వాల్చబోతుంటే ఎవరో తలుపు కొట్టారు. ఈ మధ్య మా తలుపు కొట్టేది కొరియర్ వాళ్లే. పక్కింటి వాళ్ల పార్సిల్ నా నెత్తిన పెట్టి పోవడానికి వచ్చుంటారని విసుక్కుంటూ లేచాను. తీరా చూస్తే తల మీదుగా చున్నీ కప్పుకున్న ఒక కాలేజీ అమ్మాయి, చేతిలో గుడ్డ సంచి. తన పేరు రేష్మా అని, ఉదయగిరి నుంచి వచ్చానని, ఖాదర్ కూతురినని చెప్పింది. ఆ పేరు వినగానే లోపలికి రమ్మని కుర్చీ వేశాను. ఖాదర్ పోయిన ఎండాకాలం ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. కట్టె చెక్కే ఇంట్లో పుట్టి, చిన్నప్పటి నుంచీ ఆ పొట్టు పీల్చినవాడు. కబురు నాకు ఆలస్యంగా తెలిసింది. పరామర్శకు ఈ వారం పోదాం, వచ్చే వారం పోదాం అనుకుంటూనే నెలలు గడిచిపోయాయి. పోనిదాన్ని నేనైతే, ఆ పిల్లే నన్ను వెతుక్కుంటూ ఆత్మకూరు వచ్చింది.

మంచినీళ్లు తాగాక సంచిలోంచి నాలుగు చెక్క గరిటెలు తీసి బల్ల మీద పెట్టింది. నున్నగా, కొత్త కట్టె వాసన వేస్తూ ఉన్నాయి. ఖాదర్ చేసినవా అని అడిగాను. కాదట, తనూ వాళ్లమ్మా చేసినవట. ఆయన చేసినవి ఇంట్లో ఒక్కటీ లేవట. ఆ మాట నాకు వింతగా తోచలేదు. ఉదయగిరి గరిటెలూ చెంచాలూ కనిపించని ఎగ్జిబిషన్ ఉండదు కానీ, దేని మీదా చేసినవాడి పేరు ఉండదు. దుర్గం కొండ మీది నర్ది అనే చెట్టు కట్టె తెచ్చి, చీల్చి, చెక్కి, గరుకు కాగితంతో రుద్ది, కట్టలు కట్టి వ్యాపారికి ఇచ్చేయడమే. ఆ తరువాత అవి ఏ ఊళ్లో ఎవరి పప్పు కలుపుతున్నాయో చేసినవాడికి తెలియదు. జీవితమంతా చెక్కిన మనిషి చనిపోయాక, ఇదిగో ఇది ఆయన చేతిది అని చూపించడానికి ఆ ఇంట్లో ఏమీ మిగల్లేదు.

రేష్మా తండ్రి ఫోను తీసి నాకు చూపించింది. ఒక ఆట కంపెనీ పంపిన మెయిలు. మా ఆట ఈ నెలాఖరుకు మూసేస్తున్నాం, ఇన్నాళ్లూ ఆడినందుకు కృతజ్ఞతలు అని దాని సారాంశం. ఆ ఆట ఇంకా బతికే ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ పిల్ల మెయిలు పట్టుకుని, ఎవరిదో కంప్యూటర్లో తండ్రి పేరుతో ఆటలోకి పోయి వెతికిందట. తండ్రి సొంత మూటలో ఏమీ లేదట. కానీ సంఘం గిడ్డంగి అని ఒకటి కనిపించిందట, దాని తాళం మాత్రం ఇంకెవరి పేరనో ఉందట.

"మా నాయన ముందే చెప్తా ఉండేవాడు అత్తా. నేను చేసినవన్నీ ఆత్మకూరు అక్క కాడ అవ్వ గదిలో ఉండాయి, వాటి మీద నా పేరుంటాది అని. జరమొచ్చి మాట్లాడతాన్నాడేమో అనుకున్నాం. నెలాఖరుకు పోతాయంట గదా. ఒక్కసారి చూపిస్తావా?"

అవ్వ గది అనే మాట విని చాలా ఏళ్లయింది. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలంటే మా మామ ఇంటి నుంచి మొదలుపెట్టాలి.

డిగ్రీ చదివే రోజుల్లో నేను ఆత్మకూరులో మా మేనమామ ఇంట్లో ఉండేదాన్ని. మామకు బస్టాండు దగ్గర ఎరువుల అంగడి. పైన ఖాళీగా ఉన్న మేడ గదిలో ఆయన నెట్ సెంటర్ పెట్టాడు. పరీక్షా ఫలితాలకూ హాల్ టికెట్లకూ జనం విరగబడతారని ఆయన లెక్క. వాళ్లు ఏడాదికి ఒకసారి విరగబడేవాళ్లు, తక్కిన రోజులన్నీ ఈగలు. ఆడపిల్లవు ఊరికే కూర్చునే బదులు బల్ల దగ్గర కూర్చోమని మామ నన్ను అక్కడ పెట్టాడు. కింది నుంచి పురుగుమందుల వాసన మెట్లెక్కి వచ్చేది. ఆ వాసనకు ఎంత అలవాటుపడ్డానంటే, ఇప్పటికీ ఎరువుల అంగడి ముందు నుంచి పోతే నాకు కీబోర్డు టకటకలు వినిపిస్తాయి. మధ్యాహ్నం కరెంటు పోగానే యూపీఎస్ కూతపెట్టేది. ఆ కూత వినగానే కుర్రాళ్లందరూ ఒక్కసారిగా చేతిలో పని ముగించడానికి హడావిడి పడేవాళ్లు. ఆ హడావిడి ఉద్యోగ దరఖాస్తుల కోసం కాదని మామకు తెలియడానికి చాలాకాలం పట్టింది.

ఆ ఆట పేరు ఇప్పుడు చెప్పినా ఎవరికీ తెలియదు. ఎక్కడెక్కడి దేశాల వాళ్లో ఒకే లోకంలోకి వచ్చి తిరిగే ఆట అది. రాక్షసులను చంపడం ఉంటుంది కానీ, మా వాళ్లకు అందులో పెద్ద ఆసక్తి లేదు. మమ్మల్ని పట్టుకున్నది దానిలోని సంత. ఆ లోకంలో అమ్ముడుపోయే వస్తువు ఏదీ కంపెనీ పెట్టింది కాదు. ప్రతి కత్తీ, ప్రతి డాలూ ఎవరో ఒక ఆటగాడు కూర్చుని చేసిందే. ఒకడు అడవిలో కట్టె కొడతాడు, ఇంకొకడు గనిలో ఇనుము తవ్వుతాడు, మరొకడు వాటిని కొని వస్తువు చేస్తాడు. చేసినవాడు ఊరి మధ్య మైదానంలో తన బొమ్మను కూర్చోబెట్టి, తల మీద అంగడి బోర్డు తగిలించి, కంప్యూటర్ అలాగే వదిలేసి ఇంటికి అన్నానికి పోవచ్చు. వచ్చేవాళ్లు చూసుకుని కొనుక్కుపోతారు. ధర చెప్పే పెద్దమనిషి ఎవడూ ఉండడు, గిరాకీ ఎటు పోతే ధర అటే. మామ మాత్రం, మనిషి లేని కుర్చీ ముందు కంప్యూటర్ ఎందుకు వెలుగుతోందని ప్రతి మధ్యాహ్నం వచ్చి ఆపేసేవాడు. దాంతో మా అంగళ్లు ఉన్నట్టుండి మాయమయ్యేవి.

ఖాదర్ ఉదయగిరి నుంచి ఐటీఐ చదవడానికి వచ్చేవాడు. పొడుగ్గా, నవ్వితే పళ్లన్నీ కనిపించేలా ఉండేవాడు. చేతివేళ్ల నిండా ఉలి గాట్లు. ఆట మొదలుపెట్టినప్పుడు అందరూ కత్తి పట్టే వీరుణ్ణి ఎంచుకుంటే, తను మాత్రం వడ్రంగిని ఎంచుకున్నాడు. ఇంట్లో చేసేది చాలక ఇక్కడ కూడా అదే పనా అని మేము ఏడిపించాం. గరిటెలు చేయడానికి ఆ ఆటలో వీలుందా అని వెతికాడు కూడా, లేదు. చివరికి విళ్లు చేయడం పట్టుకున్నాడు. ఆ ఆటలో కట్టెకు పచ్చి, ఎండు అనే తేడా ఉండదు, మౌస్ నొక్కితే చాలు. అయినా తను కొట్టిన కట్టెను కొన్నాళ్లు మూటలో ఉంచి, ఆరిందని తనకు అనిపించాకే చెక్కేవాడు. ఆరకుండా చెక్కితే పగులుతాదక్కా అని నాతో నిజంగానే అనేవాడు. ఒక్కోసారి విల్లు మామూలుగా వచ్చేది, ఒక్కోసారి ఎందుకో అద్భుతంగా వచ్చేది. అదంతా ఆటలోని లాటరీ, కానీ ఖాదర్ దాన్ని కట్టె ఆరడం మీదికి తోసేవాడు. అలా వచ్చిన ప్రతి విల్లు మీదా కింద చిన్న అక్షరాలతో చేసినవాడి పేరు పడేది. తన బొమ్మకు ఉదయగిరి ఖాదర్ అని ఇంగ్లీషు అక్షరాల్లో పేరు పెట్టుకున్నాడు. మొదటిసారి ఆ పేరు పడిన రోజు, ఒక రోజంతా దాన్ని అమ్మకుండా తెరిచి చూసుకుంటూ కూర్చున్నాడు.

మా అవ్వ గురించి ఇప్పుడు చెప్పాలి. మామ వాళ్లమ్మ, అంటే మా అమ్మమ్మ, ఆ ఇంటికి పెద్ద. వంటింటి వెనక ఒక చీకటి గది ఉండేది, దాని తాళంచెవి ఆమె రొంటిలో. ఆ గదిలో విత్తనాల కుండలు. సజ్జలు, కందులు, మినుములు. పంట ఇంటికి రాగానే, ఇంకెవరూ చెయ్యి పెట్టకముందే, అవ్వ కూర్చుని ఒక్కొక్క కంకి చేత్తో పట్టుకుని మంచివి ఏరేది. వాటిని ఎండబెట్టి, బూడిదా వేపాకూ కలిపి కుండలో పోసి, మూతి మీద మట్టీ పేడా కలిపి మెత్తేది. ఆ గది తలుపు తెరిస్తే వచ్చే వాసన ఇంకెక్కడా ఉండదు. వేపాకు చేదు, పాత బూడిద, లోపల ఎక్కడో తీపి. కాళ్లు కడుక్కోకుండా ఎవరినీ గడప దాటనిచ్చేది కాదు. కొండాపురం దగ్గర మా పొలాలు వాన కోసం మొహం వాచి ఉండేవి. వాన మొహం చాటేసిన ఏడు రేషన్ బియ్యంతో సరిపెట్టుకున్నారు కానీ ఆ కుండల మూతి విప్పలేదు. విత్తనం తిన్న ఇల్లు మళ్లీ లేవదని ఆమె నమ్మకం.

ఆటలో మా గుంపుకు ఒక సంఘం పెట్టుకున్నాం. సంఘానికి ఒక ఉమ్మడి గిడ్డంగి ఇచ్చారు. తెరపై వరసలు వరసలుగా గళ్లు, ఒక్కో గడిలో ఒక్కో వస్తువు. లోపల పెట్టడం ఎవరైనా పెట్టవచ్చు, తీసే హక్కు ఒక్కరికే ఇవ్వాలి. బయట గుంపుల్లో ఈ హక్కు కోసం తన్నుకునేవాళ్లు, ఒకడు అంతా ఊడ్చుకుని పారిపోవడం మామూలే. మా వాళ్లు ఒక్క మాట మాట్లాడకుండా నాకు ఇచ్చేశారు. తాళం ఆడవాళ్ల రొంటిలోనే ఉండాలని ఖాదర్ తీర్పు చెప్పాడు. గిడ్డంగికి అవ్వ గది అని పేరు పెట్టింది కూడా వాడే. వాడు ఒకసారి ఇంట్లో మజ్జిగ తాగడానికి వచ్చి ఆ కుండలు చూశాడు. చూసినప్పటి నుంచి అదే పద్ధతి మాకు చట్టమైంది. ఎవరు ఏం చేసినా, అందులో అన్నిటికన్నా మంచిది అమ్మకూడదు, వాడకూడదు. అవ్వ గదిలో పెట్టాలి. కరువొచ్చిన రోజు తీద్దాం.

మిగతా ప్రపంచం అట్లా ఆడలేదు. మంచి విల్లు దొరికినవాడు దాన్ని భుజాన వేసుకుని ఊరంతా తిరిగి గొప్ప చెప్పుకుంటాడు. మేము మాత్రం రెండో రకం విళ్లు పట్టుకుని రాక్షసుల చేతుల్లో చస్తూ, మొదటి రకాన్ని దాచుకున్నాం. ఎవరో బ్రెజిల్ వాడు ఖాదర్ విళ్ల కోసం రోజూ వచ్చి బతిమాలేవాడు. మంచివి ఉన్నాయని తెలుసు, ఎందుకు అమ్మవని అడిగేవాడు. వాడికి విత్తనం సంగతి ఇంగ్లీషులో ఎట్లా చెప్పాలో మాకు తెలియలేదు. ఈ పొరపాటు మాలాంటి మెట్ట వాళ్లు తప్ప ఇంకెవరూ చేయరని ఇప్పుడు అనిపిస్తుంది. కాలవ కింద పుట్టినవాళ్లయితే ఆ విళ్లు అమ్ముకుని హాయిగా ఆడుకునేవాళ్లు.

ఒకరోజు అవ్వ భోజనాల దగ్గర, మీ కంప్యూటర్లో నా పేరుతో గది కట్టినారంట ఏందిరా అది అని ఖాదర్‌ను అడిగింది. వాడు గోడ మీద వేలితో గళ్లు గీసి ఓపిగ్గా వివరించాడు. ఆమె అంతా విని, పచ్చడి కలుపుకుంటూ, మళ్లీ ఎప్పుడు తీస్తారని అడిగింది. తీయము అవ్వా, కరువొస్తే తీస్తామన్నాడు వాడు.

"అదేం పెట్టడంరా. నేను ఏటా ఆ కుండ విప్పి చల్లేస్తాను గదా. కొత్తది వస్తే కొత్తది పెట్టుకుంటా. పెట్టిందాన్ని అట్టనే ఉంచితే విత్తనం చచ్చిపోతాది."

ఇవి చచ్చిపోవు అవ్వా, ఎన్నేళ్లయినా పురుగు పట్టదు, బూజు పట్టదు అని మేమందరం నవ్వాం. పురుగు పట్టని వస్తువు ఏముంటుందని ఆమె కూడా నవ్వింది. ఆ పూట అంతటితో పోయింది. అవ్వ నుంచి మేము మూత పెట్టడం ఒక్కటే నేర్చుకున్నాం.

తరువాత జరిగింది పెద్దగా ఏమీ లేదు. కంపెనీ వాళ్లు ఆటలో కొత్త కొండలు పెట్టారు, కొత్త అడవులు పెట్టారు. అక్కడి కట్టెతో చేసిన నాసిరకం విల్లు కూడా ఖాదర్ చేసిన మంచి విల్లును దాటేసింది. ఒక్క వారంలో పాత వస్తువుల వైపు చూసేవాడు లేకుండా పోయాడు. బ్రెజిల్ వాడు కూడా రావడం మానేశాడు. అప్పుడు కూడా గది తెరిచి అయినకాడికి అమ్మేద్దామంటే ఖాదర్ ఒప్పుకోలేదు.

"ఉండనీలే అక్కా. అవేమన్నా అన్నం అడగతాయా?"

ఆ తరువాత వాడికి పెళ్లయింది, ఉదయగిరిలోనే ఉండిపోయాడు. నాకు కాలేజీలో ఉద్యోగం వచ్చింది. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చి మామ నెట్ సెంటర్ మూతపడింది. అవ్వ పోయింది. ఆమె పోయిన ఏడు కుండలు ఎవరూ విప్పలేదు. తరువాత విప్పితే అన్నీ పిండి అయిపోయి ఉన్నాయి. విత్తనాలు ఇప్పుడు కింది అంగట్లోనే ప్యాకెట్లలో దొరుకుతాయి కాబట్టి ఎవరికీ బాధ లేదు. మామ కొడుకు ఇల్లు పడగొట్టి కొత్తది కట్టాడు. ఆ గది ఉన్నచోట ఇన్వర్టరూ, ఆన్‌లైన్లో కొని విప్పని అట్టపెట్టెలూ ఉంటాయి. నా సంగతీ అంతకన్నా మెరుగేమీ కాదు. నా ఫోను రోజూ పొద్దున్నే చోటు లేదని మొత్తుకుంటుంది. దానికి నెలనెలా అద్దె కట్టి ఇంకాస్త చోటు తీసుకుంటాను. అందులో ఏమున్నాయో మళ్లీ చూసిన పాపాన పోను. మామిడికాయల ఫోటోలు, పిల్లల మార్కుల జాబితాలు, చనిపోయినవాళ్లు పంపిన శుభోదయాలు. తీసేయాలంటే చెయ్యి రాదు, చూడాలంటే ఓపిక లేదు. అవ్వకు నాలుగు కుండలే ఉండేవి కానీ ఏ కుండలో ఏముందో చీకట్లో చేత్తో తడిమి చెప్పేది. దాచుకోవడం ఇంత తేలికైపోయాక నాకు దాని మీద విసుగు తప్ప ఇంకేమీ మిగల్లేదు.

ఆ ఆటను నా కంప్యూటర్లోకి దించుకోవడానికి ఆ మధ్యాహ్నం చాలాసేపు పట్టింది. ఈలోగా రేష్మాకు ఉప్మా చేసి పెట్టాను, వాళ్లు చేసిన గరిటెతోనే కలిపాను. పాస్‌వర్డ్ మరిచిపోయే అవకాశం లేదు, అది మా అవ్వ పేరు. లోపలికి పోతే నా బొమ్మ ఆ మైదానంలో, ఎక్కడ వదిలేశానో అక్కడే నిలబడి ఉంది. ఒకప్పుడు కాలు పెట్టడానికి చోటు లేకుండా అంగళ్లతో నిండి ఉన్న మైదానం. ఇప్పుడు అక్కడక్కడ ఒకరిద్దరు. మూసేస్తున్నారని తెలిసి చూడటానికి వచ్చిన పాతవాళ్లు కాబోలు. కొత్త చుట్టం ఊళ్లోకి వచ్చినట్టు నాకు ఎటు నడవాలో తెలియలేదు.

గిడ్డంగి తెరిచాను. చివర్న తక్కినవాళ్ల కత్తులూ డాళ్లూ కొన్ని ఉన్నా, ముందంతా వరసలు వరసలుగా విళ్లు. ఒక్క గడి కూడా చెదరలేదు. పురుగు పట్టదని మేము అవ్వతో అన్న మాట నిజమే, ఒక్క విల్లుకు కూడా పట్టలేదు. మొదటి దాని మీద మౌస్ పెట్టగానే కింద చిన్న అక్షరాలు వచ్చాయి, చేసినవాడు ఉదయగిరి ఖాదర్ అని. రేష్మా కుర్చీ ముందుకు లాక్కుంది. రెండోదాని మీద పెట్టమంది, మూడోదాని మీద పెట్టమంది. ప్రతిదాని మీదా అదే పేరు. అన్నీ చదివింది, ఒక్కటీ వదల్లేదు. ఫోటోలు తీసుకోమ్మా అన్నాను. తీసుకుంది. వచ్చిన పని అయిపోయిందనే నేను అనుకున్నాను.

ఆ పిల్ల మాత్రం లేవలేదు. వీటిని ఎవరైనా వాడారా అని అడిగింది. లేదన్నాను. ఒక్కరు కూడానా అంది. మేము మంచివన్నీ దాచేశామని, ఎవరినీ ముట్టుకోనివ్వలేదని చెప్పాను. తను బల్ల మీది గరిటె తీసుకుని చేతిలో అటూ ఇటూ తిప్పింది.

"ఇచ్చేద్దాం అత్తా. ఆడ నిలబడి ఉండారు గదా వాళ్లకి."

ఒకటన్నా ఉంచుకోమని నేను బతిమాలాను. నెలాఖరు దాకానైనా నీదని ఉంటుంది కదా అన్నాను.

"యాడ పెట్టుకునేది అత్తా?"

ఇన్నేళ్ల తరువాత మొదటిసారి అవ్వ గదిలోంచి ఒక్కొక్క విల్లూ బయటికి తీశాను. మైదానంలో ఉన్నవాళ్ల దగ్గరికి నడిచి, ఊరికే ఇస్తున్నానని చెబితే మొదటివాడు నమ్మలేదు. ఆ ఆటలో ఊరికే ఇచ్చేవాడు మోసగాడు తప్ప ఇంకెవడూ కాదని వాడికి తెలుసు. రెండోవాడు తీసుకున్నాడు. తీసుకుని, మా కళ్ల ముందే దూరంగా ఉన్న గడ్డిబొమ్మ మీదికి బాణం వేశాడు. అవ్వ గదిలో దాచిన విల్లు వంగడం, నారి లాగడం, బాణం పోవడం నేను అదే మొదటిసారి చూడటం. వాడు మళ్లీ వేశాడు, మళ్లీ వేశాడు. దాన్ని చూసి మొదటివాడు కూడా వచ్చాడు, ఇంకెవరో వచ్చారు.

బాణం వేసినవాడు ఆగి, ఇంగ్లీషులో ఏదో రాశాడు. ఏమంటున్నాడని రేష్మా అడిగింది. ఈ విల్లు మీద పేరున్న ఉదయగిరి ఖాదర్ ఎవరు, మీకు తెలుసా అని అడుగుతున్నాడమ్మా అని చెప్పి, కీబోర్డు తన వైపు జరిపాను. ఒక్క వేలితో, అక్షరం అక్షరం వెతుక్కుంటూ, మా నాయన అని ఇంగ్లీషులో కొట్టింది. కళ్లు తుడుచుకుంది. తరువాత, ఇంకో విల్లు కావాలా అని వాణ్ణి అడిగింది.